శ్రీ కోకా సుబ్బారావుగారి జీవితము: బెంగుళూరులో ఒక ఉదయపు నడక



ఈ యేటి పంచాంగము చేతికి రాగానే మా యింటిలో పెద్దలు సంవత్సరము పేరు చూచి కొంచెము నొచ్చుకున్నారు. పరాభవమనగా ఓటమి, అవమానము. అట్టి పేరుగల ఏడాదిని పచ్చడి చేసి, తోరణము కట్టి పిలుచుట ఎట్లా అని వారి సందేహము. అరువది ఏండ్లకొకమారు తిరిగివచ్చు ఈ పేరు ఇంతకు ముందు 1966 ఉగాదినాడు వచ్చినది. ఆ యేడు జూన్ 30వ తేదీన మన రాజమహేంద్రవరపు బిడ్డ ఒకరు భారతదేశ ప్రధాన న్యాయమూర్తి పీఠము నధిష్ఠించినారు. 1967 ఏప్రిల్ 11వ తేదీన ఆ పీఠము దిగినారు. అనగా వారి పదవీకాలము ఇంచుమించు అంతయు వెనుకటి పరాభవ సంవత్సరములోనే గడచినది. వారే శ్రీ కోకా సుబ్బారావుగారు.

సంఘము వారు ఈ సంచికకు ఒక మహనీయుని జీవితము వ్రాయమని మమ్ము కోరినారు. మేము పదవ తరగతితో చదువు ముగించి రైల్వేలో గుమాస్తా కొలువు చేసుకొనుచున్నవారము. న్యాయశాస్త్రము మా శాస్త్రము కాదు. కాని కాగితము విలువ గుమాస్తాకు తెలియును. ఒక ఫైలు నేడు మూలబడినంత మాత్రమున అది చచ్చిన ఫైలు కాదనియు తెలియును. సుబ్బారావుగారి తీర్పులలో కొన్ని ఆనాడు తోటి న్యాయమూర్తుల సంఖ్యాబలము ముందు ఓడిపోయినవి. ఏండ్లు గడచిన పిమ్మట దేశము వానినే బయటికి తీసి కన్నుల కద్దుకున్నది. గెలిచిన తీర్పు మరల ఓడిన సంగతియు వారి జీవితములో ఉన్నది. రెండును చెప్పెదము.

వారు ఈ ఊరి న్యాయస్థానములో పని చేసినవారు కారు. ఐనను వారు విచారించిన తగవుల జాడలు ఈ ఊరిలో చాల చోట్ల కనబడును. ఒక ఆదివారము ఉదయము, ఎండ ముదరక ముందే, మేమును, మా యింటివారును, ఇరుగుపొరుగు తెలుగు కుటుంబముల పిల్లలును కలిసి సిటీ రైల్వే స్టేషను నుండి అఠారా కచేరి వరకు నడచినాము. నాలుగు కిలోమీటర్లకు మించని దూరము. దారి పొడుగున పిల్లలకు చెప్పిన కథనే ఇక్కడ వ్రాయుచున్నాము.

స్టేషను ముందర నిలబడి మొదలు పెట్టినాము. మనలో చాలమంది ఈ ఊరిలో మొదట అడుగు పెట్టినది ఇక్కడనే గదా. ఇప్పుడు దీనికి క్రాంతివీర సంగొళ్ళి రాయణ్ణ పేరు పెట్టినారు.

సుబ్బారావుగారు 1902 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరములో జన్మించినారు. తండ్రిగారు వకీలు, కుమారుడు చిన్నవాడుగా ఉండగానే కాలము చేసినారు. రాజమండ్రి ఆర్ట్సు కళాశాలలో చదివి, పిదప మద్రాసు వెళ్ళి న్యాయశాస్త్రము చదివినారు. ఆటలలో కూడ మంచి దిట్ట అని పేరు. మామగారైన వెంకటరమణారావునాయుడుగారు మద్రాసులో పేరుపడ్డ న్యాయవాది; తరువాత అక్కడి హైకోర్టులోనే న్యాయమూర్తి అయినారు. సుబ్బారావుగారు వారి వద్ద పని నేర్చుకున్నారు. నడుమ కొద్ది నెలలు బాపట్లలో జిల్లా మునసబు ఉద్యోగము చేసి, అది విడిచి తిరిగి మద్రాసు వచ్చి, బావమరిది పి.వి. రాజమన్నారుగారితో కలిసి వకాలతు సాగించినారు. ఈ రాజమన్నారుగారే తరువాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయినారు. తెలుగు నాటకములు వ్రాసిన రాజమన్నారుగారనిన మన పెద్దలకు గుర్తుండును.

బ్రతుకుతెరువుకై ఊరు విడిచి, పరభాషల నడుమ పేరు తెచ్చుకున్న తెలుగువాడు అనగానే మన పిల్లలు కొంచెము శ్రద్ధగా వినసాగినారు.

1948లో సుబ్బారావుగారు మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయినారు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినది. మరుసటి ఏడు జూలైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వెలసినది. దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి వారే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైకోర్టు హైదరాబాదుకు మారినప్పుడు అక్కడను ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నారు. 1958 జనవరి 31వ తేదీన ఢిల్లీలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయినారు.

స్టేషను విడువక ముందు, మా వృత్తికి సంబంధించిన ఒక వ్యాజ్యము చెప్పక తప్పదు. ఆ రోజులలో రైల్వే నియమావళిలో 148, 149 అను రెండు నియమములుండేవి. పర్మనెంటు ఉద్యోగినైనను కొంతకాలపు నోటీసు ఇచ్చి, లేదా ఆ నోటీసు కాలపు జీతము చేతిలో పెట్టి, కారణము చెప్పకుండ ఇంటికి పంపవచ్చునని వాని భావము. విచారణ లేదు, చార్జిషీటు లేదు. ఈశాన్య సరిహద్దు రైల్వేలో మోతీరామ్ డేకా అను ప్యూను ఒకడు అట్లు పోయినాడు. ఆయన వలెనే పోయినవారిలో పర్మనెంటు గుమాస్తా కూడ ఉన్నాడు. 1963లో ఏడుగురు న్యాయమూర్తులు కూర్చుండి విన్నారు. ఆరుగురు ఆ నియమములు చెల్లవన్నారు. సుబ్బారావుగారు ఆ ఆరుగురిలో ఉండి, తన తీర్పు తాను వేరుగా వ్రాసినారు. ప్రభుత్వ కొలువులో ఉన్నవాని మాట వినకుండ వానిని తొలగించరాదని రాజ్యాంగపు 311వ అధికరణము చెప్పుచున్నది. ఆ రక్షణకు నియమావళి పేరుతో గండి కొట్టరాదని తేల్చినారు. మేము నేడు నిబ్బరముగా నెలజీతము తీసుకొనుచున్నామంటే, దాని వెనుక ఎన్నడును చూడని ఆ ప్యూనుగారి మొండితనము కొంత ఉన్నది.

అక్కడ నుండి ఆనందరావు సర్కిలు మీదుగా శేషాద్రి రోడ్డు పట్టినాము. కొంత దూరము నడువగా ఫ్రీడమ్ పార్కు వచ్చినది. ఇది ఒకప్పుడు బెంగుళూరు సెంట్రల్ జైలు. జైలును ఊరి వెలుపలికి మార్చిన పిదప, 2008లో దీనిని పార్కుగా చేసి ప్రజలకు విడిచినారు. నడుమ నున్న కావలి బురుజును పడగొట్టక అట్లే ఉంచినారు. దానిమీద నిలిచిన కావలివానికి చుట్టునున్న బారకులన్నియు కనబడునట్లు కట్టిన కట్టడమది. పిల్లలు పరుగున పోయి దాని చుట్టు తిరిగినారు. మేము ఆ బురుజు నీడలో కూర్చుండి ఖడక్ సింగు కథ చెప్పినాము.

ఉత్తరప్రదేశములో ఖడక్ సింగు అను నతనిపై 1941లో బందిపోటు నేరము మోపినారు. సాక్ష్యము లేదని విడిచిపెట్టినారు. విడిచిపెట్టినారే గాని పోలీసు ఠాణాలో అతని పేరిట హిస్టరీ షీటు ఒకటి తెరచినారు. అది మొదలు అతని ఇంటి చుట్టు రహస్యముగా కాపలా. రాత్రివేళ చౌకీదారులు, కానిస్టేబుళ్ళు వచ్చి తలుపు తట్టి, నిద్ర లేపి, ఉన్నాడా లేడా అని చూచుట. పొరుగూరికి పోవలెనన్న ముందుగా చెప్పి పోవలెను. ఏ న్యాయస్థానమును అతనిని దోషి యనలేదు. అయినను ఇంటిలో కంటినిండ నిద్ర లేదు. అతడు సుప్రీంకోర్టుకు పోయినాడు.

1962 డిసెంబరులో తీర్పు వచ్చినది. ఆరుగురు న్యాయమూర్తులలో నలుగురు ఒక వైపు. రాత్రివేళ ఇంటిలో చొరబడుట మాత్రము తప్పు, తక్కిన నిఘా అంతయు సాగవచ్చును, ఏకాంతమను హక్కు మన రాజ్యాంగములో లేదు అని వారి నిర్ణయము. సుబ్బారావుగారు దీనికి ఒప్పుకొనలేదు. వారితో ఏకీభవించినవారు జె.సి. షా గారొక్కరే. మనిషిని సంకెల వేసి పట్టుకొనుట ఒక్కటియే స్వేచ్ఛాహరణము కాదు. ఎల్లప్పుడు ఎవరో చూచుచున్నారను భయముతో నడచువాడు వీధిలో తిరిగినను బందీయే. ఏకాంతము మనిషి స్వేచ్ఛలో భాగము. కావున ఆ నిబంధన మొత్తము చెల్లదు. ఇదీ వారి తీర్పు సారము. అంతేగాక, హక్కులను ఒక్కొక్క అరలో వేరువేరుగా పెట్టి తాళము వేయరాదనియు, ఒకదానితో ఒకటి కలిపి చదువవలెననియు వారు వాదించినారు. 1950లో ఏ.కె. గోపాలన్‌గారి వ్యాజ్యములో కోర్టు పట్టిన దారికి ఇది వేరు దారి. కాని నలుగురి ముందు ఇద్దరి మాట చెల్లదు గదా. ఖడక్ సింగు వాకిట నిఘా ఆగలేదు.

ఇక్కడ మా పెద్దబ్బాయి ఒక ప్రశ్న వేసినాడు. ఓడిపోవునని తెలిసిన మాటను అంత కష్టపడి పేజీలకు పేజీలు ఎందుకు వ్రాయవలె నాన్నా అని. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయినాము. దానికి కారణమున్నది. మేము ఈ ఊరికి వచ్చిన కొత్తలో అద్దెకున్న కట్టడములో ఒక ఇంట నగ పోయినది. రాత్రి కావలి కాయు ముసలివానిపై అనుమానము పడినది. అద్దెవారు అయిదుగురు చేరి, వానిని తీసివేయవలెనని కాగితము వ్రాసినారు. వాడు దొంగ అని మాకు తోచలేదు. కాని ఊరికి కొత్తవారము, భాష రాదు, నలుగురితో విరోధమెందుకని అయిదవ సంతకము మేమే చేసినాము. పదిహేను దినములకు ఆ నగ ఆ యింటిలోనే, బియ్యపు డబ్బా వెనుక దొరికినది. అప్పటికి ముసలివాడు పెట్టె సర్దుకొని ఎటో పోయినాడు. మేము ఒప్పుకొనము అని ఒక్క వాక్యము వ్రాసినను నలుగురి మాటయే చెల్లియుండును. కాని వానికి చూపుటకు ఒక కాగితముండెడిది. ఈ సంగతి ఆ పూట పిల్లవానికి చెప్పలేదు. నడచుచుండగా మనసులో మెదలుచునే ఉన్నది.

కె.ఆర్. సర్కిలు దాటి అంబేద్కర్ వీధిలో ప్రవేశించినాము. ఎడమచేతి వైపు విధానసౌధ. కెంగల్ హనుమంతయ్యగారి పూనికతో లేచి 1956లో పూర్తియైన ఈ రాతి మేడ ముందు అంబేద్కరుగారి విగ్రహమున్నది. దాని ఎదుట నిలిచి రెండు వ్యాజ్యముల సంగతి చెప్పినాము.

మొదటిది 1963లో వచ్చిన దేవదాసన్ వ్యాజ్యము. కేంద్ర సచివాలయములో షెడ్యూల్డు కులములకు, తెగలకు కేటాయించిన ఖాళీలు ఒక యేడు నిండకున్న మరుసటి యేటికి తీసికొనిపోవు పద్ధతి ఉండేది. అయిదుగురు న్యాయమూర్తులలో నలుగురు అది చెల్లదన్నారు. సుబ్బారావుగారు ఒక్కరే చెల్లునన్నారు. తరతరములుగా వెనుకబడినవానిని, ముందే మేతమేసి బలిసినవానితో ఒకే గీత మీద నిలిపి పరుగెత్తుమనుట సమానత్వము కాదని వారి భావము. వెనుకబడినవారికి ఇచ్చు అవకాశము సమానత్వమునకు మినహాయింపు కాదు, సమానత్వము నెరవేరుటకు అదియు ఒక దారియే అని వ్రాసినారు. అదియు ఓడిన తీర్పే. 1975లో థామస్ వ్యాజ్యములోను, 1992లో ఇంద్రా సాహ్నీ వ్యాజ్యములోను కోర్టు ఆ దారికే వచ్చినది.

రెండవది గోలక్‌నాథ్ వ్యాజ్యము. వారికి దేశమంతట పేరు తెచ్చినదియు, నింద తెచ్చినదియు ఇదియే. పంజాబులో గోలక్‌నాథ్ కుటుంబము పెద్ద భూస్వాములు. భూపరిమితి చట్టము క్రింద మనిషికి 30 స్టాండర్డు ఎకరములు మించి ఉంచుకొనరాదన్నారు. వారు సుప్రీంకోర్టుకు పోయినారు. వారి అర్జీతో పాటు మన ఈ విధానసౌధలో చేసిన 1962 నాటి మైసూరు భూసంస్కరణల చట్టముపై వచ్చిన అర్జీలను కూడ కలిపి విన్నారు. ఈ మేడకును సుబ్బారావుగారికిని ఉన్న సంబంధమదియే. పార్లమెంటు రాజ్యాంగమును సవరించి ప్రాథమిక హక్కులను తగ్గించవచ్చునా అనునది ప్రశ్న. పదునొకండుగురు న్యాయమూర్తులు విన్నారు. 1967 ఫిబ్రవరి 27వ తేదీన ఆరుగురు తగ్గించరాదన్నారు, అయిదుగురు తగ్గించవచ్చునన్నారు. గెలిచిన పక్షపు ముఖ్యమైన తీర్పు ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావుగారిది.

కాని అప్పటికే ఆ సవరణలను నమ్మి ఎన్నో రాష్ట్రములలో భూములు చేతులు మారినవి. వానిని కదిపినచో పొలము దక్కిన రైతు తిరిగి వీధిన పడును. అందుచేత సుబ్బారావుగారు ఒక క్రొత్త ఉపాయము చేసినారు. ఈ తీర్పు నేటి నుండి ముందుకే వర్తించును, వెనుకటివి కదలవు అన్నారు. ఫలితమేమనగా గోలక్‌నాథ్ కుటుంబము సూత్రము గెలిచి భూమి పోగొట్టుకున్నది. మైసూరు భూస్వాముల అర్జీలును కొట్టివేయబడినవి.

ఈ తీర్పుపై విమర్శ తీవ్రముగా వచ్చినది. హక్కుల పేరు చెప్పి ఆస్తిపరులకు కోట కట్టినారనిరి. ఆస్తి హక్కును మాట్లాడు హక్కుతో, బ్రతుకు హక్కుతో సమానముగా కాపాడబూనుట, దున్నేవానికి భూమి లేని దేశములో చాలమందికి రుచించలేదు. ఈ విమర్శలో నిజము లేదని మేము చెప్పజాలము. మన తాతలలో కౌలు రైతులును ఉన్నారు, భూములు పోయినవారును ఉన్నారు. 1978లో 44వ సవరణతో ఆస్తిని ప్రాథమిక హక్కుల జాబితా నుండి తొలగించినారు. సుబ్బారావుగారి పక్షములో ఆ భాగము నిలువలేదు.

తీర్పు వచ్చిన నెలన్నరకే వారు పదవి విడిచినారు. వయోపరిమితికి ఇంకను మూడు నెలలున్నది. ప్రతిపక్షముల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీ చేయుటకై దిగినారు. దిగుటకు ముందు రోజు, ఏప్రిల్ 10న, ఇంకొక తీర్పు ఇచ్చినారు. విదేశమునకు పోవుట కూడ మనిషి స్వేచ్ఛలో భాగమే, చట్టమేదియు లేకుండ అధికారి తన ఇష్టము చొప్పున పాస్‌పోర్టు నిరాకరించరాదు అని ముగ్గురు ఒక వైపు, ఇద్దరు ఒక వైపుగా తేలిన సత్వంత్ సింగు వ్యాజ్యమది. ఆ యేడే పార్లమెంటు పాస్‌పోర్టుల చట్టము చేసినది. మన సంఘములో పిల్లలను అమెరికాకో, ఆస్ట్రేలియాకో పంపిన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. పాస్‌పోర్టు అడిగి పుచ్చుకొను వస్తువేగాని దయ చేయు దానము కాదని తేలినది ఆ దినమున.

రాష్ట్రపతి ఎన్నికలో వారు ఓడిపోయినారు. జాకీర్ హుస్సేన్‌గారికి 4,71,244 ఓట్ల విలువ రాగా వీరికి 3,63,971 వచ్చినది. ప్రధాన న్యాయమూర్తి పీఠము నుండి నేరుగా రాజకీయపు బరిలోనికి దిగుట తగునా అని అప్పుడు అడిగినారు, నేటికిని అడుగుచున్నారు. తగదనియే మా అభిప్రాయము. నిన్నటి తీర్పులకు నేటి ఓట్ల వాసన అంటుననియైనను ఒక న్యాయమూర్తి వెనుకాడవలెను. మహనీయుని జీవితము వ్రాయుటయనగా తప్పులేని బొమ్మ గీయుట కాదు గదా.

1973 ఏప్రిల్ 24వ తేదీన గోలక్‌నాథ్ తీర్పును సుప్రీంకోర్టు తిరుగవేసినది. కాసరగోడు దగ్గరి ఎడనీరు మఠాధిపతి కేశవానంద భారతిగారి వ్యాజ్యములో పదుమువ్వురు న్యాయమూర్తులు కూర్చుండి, ఏడుగురు ఆరుగురుగా చీలి, పార్లమెంటు ప్రాథమిక హక్కులను కూడ సవరించవచ్చునన్నారు. అయితే రాజ్యాంగపు మూలస్వరూపమును చెడగొట్టరాదను హద్దు పెట్టినారు. సుబ్బారావుగారు కట్టిన గోడ కూలినది. కాని పార్లమెంటుకు కూడ ఒక హద్దు ఉండవలెను అని వారు త్రవ్విన పునాది వేరొక రూపములో నిలిచినది.

విధానసౌధ కెదురుగా వీధి దాటితే ఎర్రని పొడవాటి భవనము. 1868లో పూర్తియైనది. పదునెనిమిది ప్రభుత్వ శాఖల కచేరీలు ఇందులో ఉండుటచే అఠారా కచేరి యన్నారు. నేడు కర్ణాటక హైకోర్టు. ఆదివారము గనుక గేటు మూసియున్నది. వెనుక కబ్బన్ పార్కులో ఒక చెట్టు క్రింద ఫలహారము పొట్లములు విప్పి, మిగిలిన కథ అక్కడ చెప్పినాము.

1975 జూన్ 25వ తేదీ రాత్రి దేశములో అత్యయిక పరిస్థితి ప్రకటించినారు. పార్లమెంటు సంఘపు పనిమీద ఈ ఊరికి వచ్చియున్న వాజపేయి, అద్వానీ, మధు దండవతే, ఎస్.ఎన్. మిశ్రా గార్లను మరునాడు ఇక్కడనే అరెస్టు చేసి, మేము ఉదయము చూచి వచ్చిన ఆ జైలులో ఉంచినారు. తమ నిర్బంధము అక్రమమని వారు ఈ ఎర్ర మేడలోనే హెబియస్ కార్పస్ అర్జీలు వేసినారు. ఇట్టి అర్జీలు చాల రాష్ట్రములలో పడినవి. 1976 ఏప్రిల్ 28వ తేదీన సుప్రీంకోర్టులో అయిదుగురిలో నలుగురు, అత్యయిక పరిస్థితిలో నిర్బంధితుడు కోర్టు తలుపు తట్టజాలడన్నారు. ఒప్పుకొననివారు హెచ్.ఆర్. ఖన్నాగారొక్కరే.

ఆ మే నెలలో స్నేహలతా రెడ్డిగారిని అరెస్టు చేసి అదే జైలుకు తెచ్చినారు. ఆమె తెలుగింటి ఆడపడుచు, రంగస్థల నటి. నెల్లూరు కవి పట్టాభిరామరెడ్డిగారి భార్య. ఈ ఊరిలోనే స్థిరపడిన కుటుంబము. ఉబ్బసముతో బాధపడుచు ఎనిమిది నెలలు జైలులో ఉన్నారు. 1977 జనవరిలో పెరోలుపై బయటికి వచ్చి, కొద్ది దినములకే కన్నుమూసినారు. ఉదయము పిల్లలు పరుగులెత్తిన ఆ బురుజు చుట్టు ఈ సంగతియు ఉన్నదని చెప్పినప్పుడు వారు మాటాడలేదు.

సుబ్బారావుగారు ఆ తీర్పు వచ్చిన ఎనిమిదవ నాడు, 1976 మే 6వ తేదీన, పరమపదించినారు. వయస్సు డెబ్బదిమూడు. గోలక్‌నాథ్ తీర్పు పోయినది. ఎన్నిక పోయినది. ఖడక్ సింగు తీర్పు పాత సంపుటములలో దుమ్ము పట్టియున్నది. నిర్బంధితునికి కోర్టు తలుపే మూసినారు. ఆ దినమున లెక్క కట్టినచో ఆయన ఖాతాలో మిగిలినది పరాభవమే.

మా రైల్వేలో ఎక్స్‌ప్రెస్ పోవుటకై గూడ్సు బండిని లూపు లైనులో ఆపుదురు. బండి నిలిచినది గాని రద్దయినది కాదు. 1978లో మేనకా గాంధీగారి పాస్‌పోర్టు వ్యాజ్యములో సుప్రీంకోర్టు హక్కులను విడివిడి అరలలో చూడరాదని, కలిపి చదువవలెనని తేల్చినది. సుబ్బారావుగారు 1962లో చెప్పినది అదియే.

ఇక చివరి సంగతి ఈ ఎర్ర మేడదే. కె.ఎస్. పుట్టస్వామిగారు ఇదే హైకోర్టులో 1977 నుండి 1986 వరకు న్యాయమూర్తిగా ఉన్నారు. పదవీ విరమణ చేసి ఈ ఊరిలోనే నివసించుచు, 2012లో, ఎనుబదియారేండ్ల వయస్సులో, ఆధార్ పథకముపై సుప్రీంకోర్టులో అర్జీ వేసినారు. ఆ వ్యాజ్యములో ప్రభుత్వము వారు ఏకాంతము ప్రాథమిక హక్కు కాదన్నారు. ఖడక్ సింగు తీర్పును చూపినారు. ఆ ప్రశ్నను తేల్చుటకు తొమ్మండుగురు న్యాయమూర్తులు కూర్చున్నారు. 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురును ఏకముగా, ఏకాంతము ప్రాథమిక హక్కే అన్నారు. అయిదున్నర దశాబ్దముల నాటి నలుగురి మాట పోయినది. సుబ్బారావుగారు, షా గారు వ్రాసిన ఇద్దరి మాట నిలిచినది. 1976 నాటి నిర్బంధపు తీర్పును కూడ అదే దినమున తప్పని కొట్టివేసినారు. ఆధార్ పథకము మాత్రము 2018లో కొన్ని హద్దులతో నిలిచినది. అందుచేత అర్జీదారునికి సంపూర్ణ విజయమనరాదు. పుట్టస్వామిగారు 2024 అక్టోబరులో, తొంబదియెనిమిదేండ్లు జీవించి, ఈ ఊరిలోనే కాలము చేసినారు.

ఫలహారము ముగించి లేచునప్పుడు మా అబ్బాయికి జవాబు చెప్పినాము. ఓడు మాటను వ్రాసి పెట్టకపోతే, తరువాతి వారు వెదకునప్పుడు దొరకుటకు ఏమియు ఉండదు అని. అప్పుడే ఆ ముసలి కావలివాని సంగతియు చెప్పినాము. వాడు చాల సేపు మౌనముగా నడచి, ఆ తాతగారు ఇప్పుడెక్కడ ఉన్నారు నాన్నా అని అడిగినాడు. మాకు తెలియదు.

సంఘ పెద్దలకు ఒక మనవితో ముగించెదము. మన సర్వసభ్య సమావేశములలో తీర్మానము చేయగానే మినిట్సు పుస్తకములో ఏకగ్రీవము అని వ్రాసుకొనుట మనకు అలవాటు. ఒకరిద్దరు గొణిగినను పండుగ పూట పేచీ ఎందుకని ఊరుకొందురు. ఈ పరాభవ సంవత్సరము నుండి, ఒప్పుకొనని సభ్యుని పేరును, వారి కారణమును తీర్మానము క్రింద రెండు వరుసలలో వ్రాయు పద్ధతి పెట్టవలెనని మా ప్రార్థన. తీర్మానము నలుగురిదే కావచ్చును. ఆ రెండు వరుసలు మాత్రము ఉండనిండు. అందరికిని శుభమగు గాక.